గోంగూర పూల నుంచి శేషాద్రి అడిగిన ప్రశ్న

రసాయనవేత్త ఆచార్య టి.ఆర్.శేషాద్రి పేరు చెప్పగానే వెయ్యికి పైచిలుకు పరిశోధన పత్రాలు, 1960లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1963లో పద్మభూషణ్ అంటూ లెక్క మొదలవుతుంది. ఈ లెక్క ఆయనకు కొంత అన్యాయమే చేసింది. ఏ మొక్కలో ఏ పదార్థం ఉందో పేర్లు రాసుకుంటూ పోయిన మనిషిగా ఆయనను మిగిల్చింది. నిజానికి మొక్క ఆ పదార్థాలను ఏ వరుసలో తయారు చేసుకుంటుందన్నది ఆయన ప్రశ్న. అది వాల్తేరులోనే పదునెక్కింది.

కుళితలైలో 1900లో పుట్టి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసివచ్చిన శేషాద్రి, రాధాకృష్ణన్ వైస్‌చాన్సలర్‌గా ఉన్న రోజుల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అంతకుముందు మన పత్తిపూలలోని గాసిపెటిన్ అనే పసుపు వర్ణకాన్ని ఇంగ్లండ్‌లో ఎ.జి.పెర్కిన్ వేరుచేశారు. వాల్తేరు బృందం పత్తితో ఆగకుండా, మనం గోంగూర అని పిలిచే రెండు మొక్కల పూలనూ పరీక్షకు పెట్టింది. అక్కడ జంటలు కనిపించాయి: కెంఫెరాల్‌కు హెర్బాసెటిన్, క్వెర్సెటిన్‌కు గాసిపెటిన్, మిరిసెటిన్‌కు గోంగూర పూలలోని హిబిసెటిన్. ప్రతి జంటలోనూ తేడా ఒక్కటే, ఎనిమిదో స్థానంలో అదనంగా ఒక హైడ్రాక్సిల్. అంటే ముందు మామూలు ఫ్లేవనాల్ (కెంఫెరాల్ లాంటి వర్ణకం) తయారై, ఆ తర్వాత దానికి ఆక్సిజన్ చేరుతోందా? ఎల్బ్స్ అనే జర్మన్ రసాయనవేత్త 19వ శతాబ్దంలోనే కనిపెట్టిన పర్‌సల్ఫేట్ చర్య ఇక్కడ అక్కరకొచ్చింది. మిగతా హైడ్రాక్సిళ్లను మిథైల్‌తో మూసి, ఐదో స్థానంలోనిదాన్ని వదిలేసి, క్షార ద్రావణంలో పర్‌సల్ఫేట్ కలిపితే కొత్త హైడ్రాక్సిల్ దానికి ఎదురుగా, సరిగ్గా ఎనిమిదో స్థానంలో కూర్చుంటుంది. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయినప్పుడు ఇలాంటి రసాయనం ఎంత ఆదుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

శేషాద్రి అసలు ప్రశ్న ఈ వరుస గురించేనన్న మాటకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొక్కల్లో పదార్థాలు పుట్టే తీరు గురించి ఆలోచించడం రాబిన్సన్ నేర్పిందే కదా అంటారు. నిజమే, కానీ గురువు చూపు విశాలం, శిష్యుడిది ఒకే కుటుంబాన్ని స్థానం వెంట స్థానం పరీక్షించిన పని. అణువు నిర్మాణాన్ని తేల్చే ఎన్ఎమ్ఆర్ యంత్రాలు వచ్చాక ఈ పద్ధతులు పాతబడ్డాయన్నది రెండో మాట. పాతబడింది నిర్మాణం తేల్చే పద్ధతి, వరుస గురించిన ప్రశ్న కాదు. అన్నిటికన్నా బరువైనది మూడోది: గాజు పాత్రలో జరిగినంత మాత్రాన పువ్వులోనూ అలాగే జరగాలని ఏముంది? ఏమీ లేదు. పర్‌సల్ఫేట్ పువ్వులో ఉండదు. అయినా సహజంగా దొరికే మూడు జంటలూ ఒకే దిక్కు చూపడాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం. తయారైన ఫ్లేవనాల్‌కు ఎనిమిదో స్థానంలో హైడ్రాక్సిల్ చేర్చే ఎంజైమ్ తర్వాత చామంతి జాతి మొక్కలో దొరికింది కూడా. బంతిపూల క్వెర్సెటాజెటిన్‌లో మాత్రం అదనపు హైడ్రాక్సిల్ ఆరో స్థానంలో ఉంటుంది. పర్‌సల్ఫేట్ అక్కడికి పోదు. ఆ పనికి మొక్క కూడా వేరే ఎంజైమ్‌నే వాడుతుంది.