మన రాకెట్లు ముక్కు మీదే ఎందుకు పడేవి?

హాస్టల్లో నోట్సు పేజీలు చింపి మేము చేసేవన్నీ రాకెట్లే. సన్న రెక్కలు, గట్టి విసురు. నాలుగు గజాలు పోయి ముక్కు మీద పడేవి. మా చేతిలో బలం లేదనుకున్నాం.

2012 ఫిబ్రవరి 26న కాలిఫోర్నియాలో 69.14 మీటర్ల రికార్డు పడింది. వెడల్పు రెక్కల గ్లైడర్‌ని మడిచింది జాన్ కాలిన్స్, విసిరింది ఫుట్‌బాల్ ఆటగాడు జో అయూబ్. పైకెక్కి, నెమ్మదించాక జారుతూ పోయింది.

బరువు ముందుండాలి, నిజమే. కానీ రెక్క వెనక అంచు గోరంత పైకి వంచాలని మాకెవరూ చెప్పలేదు. ఆ వంపు దగ్గర గాలి తోకని కిందికి నొక్కుద్ది, ముక్కు లేస్తుంది. మరీ వంచితే పైకి లేచి, ఆగి, దబ్బున పడుద్ది. ‘స్థిరత్వం’ నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ దాన్ని గాల్లో చూడలేదు.

2022 డిసెంబరులో ఇండియానాలో ఏరోస్పేస్ ఇంజనీర్లు 88.318 మీటర్లు కొట్టారు, మళ్ళీ సన్నటి బాణంతోనే! ఆదివారం మైదానంలో కొలుద్దాం. టేపు ఎవరి దగ్గరుంది?