శంషాబాద్ దారిలో పాతబస్తీ

ఆరాంఘర్ దాటి కారు శంషాబాద్ వైపు తిరిగేసరికి లోపల ఒకటే హడావిడి. ఆధార్ పెట్టుకున్నావా, టికెట్ ఏదీ అని. ఎయిర్‌పోర్టులో సీఐఎస్ఎఫ్ జవాను బెల్టు, పర్సు, ఫోను ట్రేలో పెట్టమంటాడు. ఐటీ మేనేజరైనా దుబాయ్ వెళ్లే తాపీమేస్త్రీ అయినా అదే ట్రే. విసుక్కుంటాం గానీ అవమానపడం. వరసలో నించున్న వాళ్లందరిదీ అదే అవస్థ కదా!

బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారింది 2008 మార్చి 23న. దానికి పది నెలల ముందు, 2007 మే 18 శుక్రవారం, మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ పేలుళ్లలో 42 మంది. పోలీసులు ఏదో ఒకటి చేసి తీరాల్సిన రోజులవి, కాదనను. కానీ ఎయిర్‌పోర్టు వరసలోలా అందరి మీదా కాదు, చూపంతా పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ల మీదే పడింది.

పట్టుకెళ్లిన వాళ్లలో కొందరు తమను ఊరి శివారు ఫామ్‌హౌస్‌లలో ఉంచి కొట్టారని, కరెంటు షాకులిచ్చారని చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది రవిచందర్‌ను విచారణకు నియమించింది. చర్లపల్లి జైలుకెళ్లి వాళ్ల ఒంటిమీద గుర్తులు చూసి, చిత్రహింసలు నిజమేనని ఆయన నివేదిక ఇచ్చారు. కుర్రాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. మసీదు కేసు దర్యాప్తు సీబీఐ, ఎన్ఐఏల చేతికెళ్లి హిందూ అతివాద ముఠా వైపు మళ్లింది. ఆ కేసులోనే 2010లో స్వామి అసీమానంద అరెస్టయ్యారు.

అలాగని చట్టానికి చేతకాదని కాదు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసుల్లో 2018లో శిక్షలు పడ్డాయి. 2013 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురి ఉరిశిక్షను 2025లో హైకోర్టు ఖాయం చేసింది. కానీ ముంబై దాడుల తర్వాత 2008 డిసెంబరులో, ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా చట్టం బిగిసింది. ఛార్జిషీటు లేకుండానే 180 రోజుల దాకా లోపల ఉంచొచ్చు. నిర్దోషి జీవితంలో ఆర్నెల్లంటే ఉద్యోగం పోవడం, చెల్లెలి పెళ్లి ఆగిపోవడం.

ఇప్పుడు కెమెరాల కాలం. 2019లో శంషాబాద్‌లో ముఖం చూసి లోపలికి పంపే పద్ధతిని ప్రయోగాత్మకంగా పెట్టారు. ఇష్టమైతేనే అందులో చేరొచ్చు. అదే నగరంలో 2021లో నడిరోడ్డు మీద మాస్కు తీయమని అడిగి పోలీసులు తన ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకెక్కారు. అక్కడ ఆయన ఇష్టం ఎవరడిగారు?

మళ్లీ ఆ పాతబస్తీ కుర్రాళ్ల దగ్గరికొస్తే, 2012లో ప్రభుత్వం వాళ్లలో 70 మందికి పరిహారం ఇచ్చింది. 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవయ్యేసి వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న అసీమానందతో సహా ఐదుగురు నిందితులనూ ఎన్ఐఏ కోర్టు నిర్దోషులని వదిలేసింది. మక్కా మసీదు బాంబు కేసులో ఇంతవరకూ ఒక్కరికీ శిక్ష పడలేదు.