అగ్నిముఖమున చల్లగాలి

హైదరాబాదునుండి పశ్చిమముగా ముంబయి రహదారిపై పోవువారికి మొదట రామచంద్రపురము, పిదప పటాన్‌చెరువు, ఆవల సంగారెడ్డి తగులును. ఒకప్పుడు జొన్నచేలును చెరువులును గల ఈ మెతుకుసీమ భాగము గడచిన అరువది యేండ్లలో కర్మాగారముల వరుసగా మారినది. ఇచట తయారగు వస్తువులు అనేకము. వానిలో గ్యాస్ టర్బైను అను యంత్రము కథ ప్రత్యేకముగా చెప్పదగినది. ఆ యంత్రచరిత్ర అంతయు ఒక్క ప్రశ్న చుట్టును తిరుగును. లోహమును మెత్తబరచి కరగింపగల వేడిలో లోహమునే నిలుపుట ఎట్లు? దీనికి లభించిన సమాధానములలో ముఖ్యమైనది గాలి. ఆ గాలిని నడపు విద్య మన చేతికి ఎంతవరకు వచ్చినదో ఈ ప్రసంగమున పరిశీలింతము.

ముందుగా యంత్రస్వరూపమును తెలిసికొందము. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినకొలది నిప్పు రాజుకొనును. కాని తిత్తి నూదుటకు ఒక మనిషి కావలెను. నిప్పే తన తిత్తిని తానే ఊదుకొని, ఇంకను మిగిలిన బలముతో మనకు పని చేసిపెట్టినచో ఎట్లుండును? గ్యాస్ టర్బైను అట్టిది. ముందుభాగమున కంప్రెసరు గాలిని పీల్చి అదుమును. నడుమ దహనకోష్ఠములో ఇంధనము మండును. ఆ మండిన వాయువు వెనుకనున్న రెక్కల చక్రములను త్రిప్పును. ఆ చక్రములే కంప్రెసరును కూడ త్రిప్పుచు, మిగిలిన బలముతో విద్యుజ్జనకమును నడపును.

చెప్పుటకు సులభమైన ఈ యేర్పాటు చేయుటకు కష్టమైనది. 1939లో స్విట్జర్లాండునందలి నోషాటెల్ పట్టణమున బ్రౌన్ బోవెరీ కంపెనీవారు నెలకొల్పిన యంత్రము నగరమునకు విద్యుత్తు నిచ్చిన తొలి గ్యాస్ టర్బైనుగా ప్రసిద్ధికెక్కినది. దాని టర్బైను పుట్టించిన శక్తి 15,400 కిలోవాట్లు. అందులో 11,400 కిలోవాట్లు కంప్రెసరే తినివేసెను. మిగిలినది 4,000 కిలోవాట్లు. ఇంధనములోని వేడిలో నూటికి పదునెనిమిది పాళ్లయినను విద్యుత్తుగా మారలేదు. కారణము స్పష్టము. టర్బైనులో ప్రవేశించు వాయువు వేడి సుమారు 550 డిగ్రీల సెంటీగ్రేడు మాత్రమే. అంతకు మించి వేడిచేసినచో నాటి లోహము ఎక్కువకాలము తాళజాలదు. వేడి పెరిగినకొలది ఫలము పెరుగునని సిద్ధాంతము. వేడి పెరిగినకొలది రెక్క సాగి విరుగునని అనుభవము. ఈ రెంటి నడుమ దారి వెదకుటయే ఆనాటినుండి ఇంజనీర్ల పని.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో నికెలు కొరత ఏర్పడినది. మంచి మిశ్రలోహములు దొరకకపోవుటచే యూంకర్స్ సంస్థ తన జెట్ ఇంజనులో కొన్ని రకములకు రెక్కలను బోలుగా చేసి, లోపల గాలిని పారించినది. ఆ ఇంజను ఆయుర్దాయము కొలది గంటలే. అయినను లేమి నేర్పిన ఆ ఉపాయము తరువాతి కాలమున కలవారికిని ఆదర్శమైనది. రెక్క లోపల వేరునుండి కొసవరకు సన్నని రంధ్రములు వేసిరి. రంధ్రపు గోడలు నునుపుగా నున్నచో గాలి జారిపోవును గనుక లోపల చిన్న గట్లు నిలిపిరి. గట్లకు తగిలి సుడులు తిరిగిన గాలి వేడిని ఎక్కువగా తీసికొనిపోవును. పిమ్మట రెక్క పైభాగమునకే చిల్లులు తెరచి, వెలువడిన గాలి రెక్కపై పలుచని పొరగా పరచుకొని మంటను ఎడముగా నుంచునట్లు చేసిరి.

ఇచట వింతయైన సంగతి యొకటి కలదు. రెక్కను చల్లబరచు ఈ గాలి కంప్రెసరు వెనుకనుండి తీసినదే; అదిమినందువలన దాని వేడియే మూడువందల డిగ్రీలకు పైబడియుండును. వేయి డిగ్రీలు దాటిన మంట ముందు అదియే చల్లగాలి! పైగా అది ఉచితము కాదు. అదుముటకు శక్తి వ్యయమైనది. అది మంటలోనికి పోక ప్రక్కదారిని పోవును. పెద్ద యంత్రములలో పీల్చిన గాలిలో ఐదింట నొక వంతువరకును ఇట్లు చల్లదనమునకే వెచ్చింపవలసివచ్చును. కావున గాలిని ఎక్కువగా పంపుట విద్య కాదు. తక్కువ గాలితో ఎక్కువ వేడిని తీయుట విద్య.

ఇప్పుడు మన రామచంద్రపురమునకు వత్తము. ఇచటి భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము చెకొస్లొవేకియా సహకారముతో ఏర్పడి 1965లో ఉత్పత్తి ప్రారంభించినది. 1964లో స్థాపితమైన భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థకు ఇది ఒక ప్రధానాంగము. మొదట ఇచట ఆవిరి టర్బైనులు తయారైనవి. ఆవిరి టర్బైనులో ప్రవేశించు వేడి సుమారు 540 డిగ్రీలు. అందు రెక్క లోపల గాలి పారించు పనిలేదు. 1986లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతో సాంకేతిక ఒప్పందము కుదిరిన పిమ్మట ఈ కర్మాగారము గ్యాస్ టర్బైనుల మార్గమున నడచినది.

ఆ శ్రేణిలో ఫ్రేము 6 అను యంత్రమును ఉదాహరణగా తీసికొందము. ఇది సుమారు నలువది మెగావాట్ల శక్తి గలది. నిమిషమునకు ఐదువేలకు పైగా చుట్లు తిరుగును. సెకనుకు సుమారు 140 కిలోల గాలిని పీల్చును. ఈ నమూనా 1978లో వెలువడినప్పుడు టర్బైను ముఖమున వేడి సుమారు 1,010 డిగ్రీలు. తరువాతి కాలమున అది సుమారు 1,140 డిగ్రీలకు పెరిగినది. యంత్రపు ఆకారము పెరుగలేదు. మిశ్రలోహము మెరుగుపడినది, రంధ్రముల తీరు మారినది, సందులలో గాలి వృథాగా కారిపోవుట తగ్గినది. బయట చూచువారికి కానరాని ఈ మార్పులే నూరు డిగ్రీలకు పైగా సంపాదించి పెట్టినవి.

పుట్టినచోట లేని చిక్కు ఒకటి ఈ యంత్రమునకు మన దేశమున ఎదురైనది. గ్యాస్ టర్బైను శక్తిని 15 డిగ్రీల గాలిలో లెక్కగట్టుట ప్రపంచమంతటను ఆచారము. మన వైశాఖజ్యేష్ఠములలో 15 డిగ్రీలెక్కడ? 40 డిగ్రీల ఎండలో గాలి పలుచబడి, అదే పరిమాణమునకు బరువు నూటికి సుమారు ఎనిమిది పాళ్లు తగ్గును. శక్తి అంతకంటెను ఎక్కువగా తగ్గును. విద్యుత్తు మిక్కిలి కావలసిన నాడే యంత్రము నీరసించునన్నమాట. అందుచే గాలి ప్రవేశించు చోట తడిసిన పొరలనుంచి దానిని చల్లబరచు ఏర్పాట్లు వచ్చినవి. వేసవిలో వాకిట వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లు మన యిండ్లవారికి ఈ సూత్రము క్రొత్తది కాదు.

గోదావరి తీరమున సహజవాయువు లభించిన పిదప మన ప్రాంతమున ఈ యంత్రములకు పని ఏర్పడినది. 1990 దశకమున విజ్జేశ్వరము, జేగురుపాడు, కాకినాడలలో గ్యాస్ విద్యుత్కేంద్రములు వెలసినవి. 2009లో కృష్ణా గోదావరి లోతు సముద్రపు క్షేత్రమునుండి వాయువు రాగా ఆశలు మిన్నంటినవి. కాని ఆ ఉత్పత్తి త్వరలోనే తగ్గి, 2013 నాటికి విద్యుత్కేంద్రములకు ఆ క్షేత్రపు సరఫరా ఆగిపోయినది. కోట్ల వ్యయముతో కట్టిన కేంద్రములు ఊరకుండవలసివచ్చినవి. ఇంధనము అరుదై ఖరీదైనచోట దానినుండి పిండగలిగిన ప్రతి కొంచెమును విలువైనదే. రెక్క చల్లదనము పరిశోధకుల వినోదము కాదని, ఇంటి దీపపు ఖర్చుతో ముడిపడిన విషయమని ఇందువలన తెలియుచున్నది.

యంత్రమును చేయుట ఒక యెత్తు, కాపాడుట మరియొక యెత్తు. రెక్క లోహపు వేడి అనుకొన్నదానికంటె సుమారు పదిహేను డిగ్రీలు పెరిగినచో ఆయుర్దాయము సగమగునని ఇంజనీర్లు లెక్కింతురు. దుమ్ము చేరి సన్నని రంధ్రమొకటి మూసికొనిపోయినను అంతటి చేటు కలుగవచ్చును. కావుననే నిర్ణీతకాలమున యంత్రమును విప్పి రెక్కలను పరీక్షించి, పూతలు వేసి, మరల కూర్చవలెను. ఈ సేవకై హైదరాబాదున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలు కలిసి 1997లో ప్రత్యేక సంస్థను ఏర్పరచినవి.

ఐనను అతి వేడిని తాళు రెక్క యొక్క పుట్టుక చాలకాలము కొలది దేశముల సొత్తుగనే యుండెను. ఈ కొరత తీర్చు ప్రయత్నము హైదరాబాదు మరియొక అంచున జరిగినది. కంచన్‌బాగులో 1963లో రక్షణ లోహ పరిశోధనశాలయు, 1973లో విశిష్ట మిశ్రలోహములు చేయు మిధానీ సంస్థయు ఏర్పడినవి. బాలాపురమునందలి ఆర్కీ అను కేంద్రమున లోహముపై వేయు పూతలను గూర్చి పరిశోధనలు జరుగుచున్నవి.

బోలు రెక్కను పోతపోయు విధానము మనకు బొత్తిగా అపరిచితము కాదు. ఆదిలాబాదు ఓజులు డోక్రా బొమ్మలు చేయునప్పుడు మట్టిముద్ద చుట్టును మైనము తీర్చి, పైన మరల మట్టి మెత్తి, మైనము కరగిపోయిన చోట లోహము పోయుదురు. రెక్క విషయమునను వరుస ఇదియే. గాలిదారుల ఆకారమున పింగాణీ గర్భము నుంచి, చుట్టును మైనపు రెక్కను తీర్చి, దానిపై పింగాణీ అచ్చు కట్టుదురు. భేద మేమనగా ఇచట నికెలు మిశ్రలోహమును 1,500 డిగ్రీలకు పైబడిన వేడిలో, గాలిలేని కొలిమిలో పోసి, రెక్క అంతయు ఒకే స్ఫటికముగా గట్టిపడునట్లు నెమ్మదిగా చల్లార్చవలెను. పిదప పింగాణీ గర్భమును రసాయనములతో కరగించి తీసినచో గాలిదారి మిగులును. స్ఫటికముల నడుమ అతుకులు లేకపోవుటచే అధిక ఉష్ణమున రెక్క త్వరగా సాగదు. ఈ విధమున తయారుచేసిన అరువది రెక్కలను ఈ పరిశోధనశాల 2021 ఏప్రిలులో హెలికాప్టరు ఇంజను కొరకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసినది.

అరువది రెక్కలు లెక్కకు స్వల్పమే. కాని దాని అర్థము స్వల్పము కాదు. ఒప్పందమువలన వచ్చిన చిత్రపటమును చూచి రంధ్రమును ఎక్కడ వేయవలెనో తెలిసికొనవచ్చును. అది అక్కడనే ఏల ఉండవలెను, కొంచెము జరిపినచో ఏమగును, మన దుమ్మునకును మన ఎండకును దానిని ఎట్లు మార్చుకొనవలెను అను విషయములను చిత్రపటము చెప్పదు. అవి పోతలో చెడిన రెక్కలవలనను, పరీక్షలలో విరిగిన రెక్కలవలనను మాత్రమే తెలియును. రామచంద్రపురము చేయు నేర్పును సంపాదించినది. కంచన్‌బాగు కారణము నెరిగి చేయుటకు పూనుకొన్నది. ఈ రెండును ఒకే నగరపు రెండంచులయందున్నవి. వాని నడుమ రాకపోకలు ఎంతగా పెరిగిన, మన యంత్రములకు చల్లగాలి అంతగా మన చేతిలోనిదగునని మా విశ్వాసము.