డూన్ లోయ: సున్నపురాయి, ఊటనీరు

హిమాలయ శ్రేణికి, శివాలికు కొండలకు నడుమ ఒదిగియున్న డూన్ లోయ పేరు దక్షిణదేశపు పాఠకులకు బాస్మతి బియ్యము వలననే ఎక్కువగా పరిచితము. ఆ వరిపైరుకు ప్రాణము కొండల నీరు. ఆ నీటికి నెలవు ముస్సోరీ కొండలలోని సున్నపురాయి. ఆ రాతి నెఱియలు వాననీటిని లోనికి ఇముడ్చుకొని, వానలు వెలిసిన పిమ్మట ఊటలుగా కొంచెము కొంచెముగా విడుచుచుండును. కావున అక్కడ రాతిని పెకలించుట యనగా ఒక విధముగా చెరువును పెకలించుటయే. ఈ సంగతి గనులకు గుత్తలు వ్రాసి యిచ్చిన వారికి తోచలేదో, తోచినను రాతి వెలయే పెద్దదిగా కనిపించినదో!

ఆ రాయి మేలిరకము. ఉక్కు, చక్కెర, రసాయన కర్మాగారములకు దానితో పని. 1962 ప్రాంతమున ఇరువది ఏండ్ల గుత్తలు పలువురకు లభించినవి. మందుగుండుతో కొండను ప్రేల్చి, పనికివచ్చు రాతిని లారీల కెత్తి, తక్కిన దానిని వాలువెంట దొర్లించుట నాటి పద్ధతి. వానకాలమున ఆ దిబ్బలు వాగులలోనికి దిగినవి. వాగులు మెరకవేసి గట్లను కోసినవి, కాలువలు పూడినవి, ఘరాట్లు అని అచ్చటివారు పిలుచు నీటి తిరుగళ్లు ఆగిపోయినవి.

1983లో డెహ్రాడూనులోని ఒక స్వచ్ఛంద సంస్థ వ్రాసిన ఉత్తరమునే సుప్రీముకోర్టు అర్జీగా స్వీకరించినది. నిపుణుల సంఘములు కొండలెక్కి చూచి వచ్చిన మీదట, 1985 మార్చి 12న అనేక గనులను మూసివేయవలసినదని ఉత్తర్వు వెలువడినది. గనులు మూతపడినచో కూలీల గతి యేమి? న్యాయస్థానము ఈ ప్రశ్నను దాటవేయలేదు. ఆ ప్రాంతమున చేపట్టబోవు చెట్ల పెంపకములోను, భూసంరక్షణలోను వీలైనంతవరకు వారికే పని కల్పింపవలెనని ఆదేశించినది. కొండను త్రవ్విన చేతులే కొండను కప్పవలెనను ఈ మాటలో న్యాయము కలదు. అయితే త్రవ్వుటకు ఒక దినము చాలును. కప్పుటకు ఏండ్లు పట్టును. కూలీ యింట పొయ్యి అంతవరకు ఆగదు. 1988లో తుది తీర్పు వచ్చినది.

వ్యాజ్యము నడుచుచున్న కాలముననే, 1986లో, సిన్స్యారూ ఖాలా లోయలోని నాహీ కళా గ్రామస్త్రీలు లారీల దారికి అడ్డముగా కూర్చుండినారు. చిప్కో ఉద్యమమునాడు చెట్టును కౌగిలించుకొన్న ఆ కొండనాటి స్త్రీలు ఇప్పుడు బండను కాపాడబూనినారు. వారు కోరినది వింత యేమియు కాదు. తమ మెట్టుపొలములకు పారెడి నీరు, పశువులకు మేత.

చెడిన నేల తిరిగి కోలుకొనిన తీరు సహస్రధార చెంత స్పష్టముగా కనిపించును. అక్కడ విడిచిపెట్టబడిన గని చుట్టునుగల 64 హెక్టార్ల పరీవాహక ప్రాంతమును డెహ్రాడూనులోని కేంద్ర భూజలసంరక్షణ పరిశోధన సంస్థ 1984లో చేపట్టినది. చెట్లు నాటుట వారి మొదటి పని కాదు. కదలుచున్న వాలుపై మొక్క వేరూనదు. ఇనుపతీగె వలలలో రాళ్లు నింపి వాగుకు అడ్డుకట్టలు కట్టినారు. వాలుపై జనపనార వలలు పరచి గడ్డిని నిలిపినారు. వావిలి, లొట్టపీచు, రెల్లు మొదలైన మొండిజాతులు తొలుత. చండ్ర, సిస్సూ, సుబాబులు వంటివి ఆ వెనుక. మేకయు ముట్టని లొట్టపీచును మన ప్రాంతమున చెఱువులకు పట్టిన పీడగా తలతురు. బోడికొండపై అదే కాపరి అయినది.

పని సాగిన కొద్దియేండ్లలో, ఏటా హెక్టారునకు సుమారు 550 టన్నులు కొట్టుకొనిపోవు మట్టి పది టన్నుల లోపునకు తగ్గినది. నూటికి పది పాళ్లున్న పచ్చదనము ఎనుబది పాళ్లకు పెరిగినది. వానలు వెలిసిన పిమ్మట 60 దినములే పారిన వాగు 240 దినములు పారసాగినది. వెనుక మందుగుండు మ్రోగిన వాలున ఇప్పుడు కోసుకొనుటకు గడ్డి దొరకును.

మాజీసైనికులతో 1982లో ఏర్పడిన గఢ్వాల్ రైఫిల్సు 127వ ప్రాదేశిక సేనాదళము ముస్సోరీ కొండలలో మొక్కలు నాటి, కంచెలు కాచినది. నాటిన దానికన్న కాచుటయే కష్టము. అయినను పేల్చివేసిన రాతి నెఱియలను ఏ చెట్టును తిరిగి పేర్వలేదు. చెట్లు పైమట్టిని పట్టియుంచును, వానవడిని తగ్గించును. కొండ కడుపులోని నీటికొట్టు ఎంత పోయెనో అంతయు పోయినట్లే. ముస్సోరీకి పోవు దారి మలుపులలో నేటికిని కొన్నిచోట్ల తెల్లని గంట్లు అడవి నడుమ అగపడుచున్నవి.