రెడ్ హిల్: కుళాయిలో విమాన ఇంధనం

2021 నవంబరు 20, సాయంత్రం. హవాయిలోని ఓవాహు దీవి. పెర్ల్ హార్బర్‌కు ఎగువన ఉన్న రెడ్ హిల్ కొండ కడుపులోని సొరంగంలో చిన్న రైలుబండి ఒకటి పోతోంది. పోతూ పోతూ, పైన వేలాడుతున్న ప్లాస్టిక్ పైపు వాల్వును గుద్దింది. మంటలు ఆర్పాక మిగిలే నీళ్లూ నురగా బయటికి పోవడానికి వేసిన పైపు అది. మంటలేవీ లేవు కాబట్టి ఖాళీగా ఉండాలి. కానీ అందులోంచి జేపీ-5 ఎగజిమ్మింది. యుద్ధనౌకల మీది విమానాలకు పోసే ఇంధనం!

అది అక్కడికి ఎలా వచ్చింది? జవాబు ఆర్నెల్ల వెనక ఉంది. మే 6న ఇంధనాన్ని ట్యాంకుల మధ్య మళ్లిస్తుండగా వాల్వులు తెరవడంలో పొరపాటు జరిగింది. పీడనం ఒక్కసారిగా పెరిగి ఇంధన పైపు విడిపోయింది. బయటపడిన దాదాపు 20,000 గ్యాలన్లలో, అంటే 75 వేల లీటర్లలో, అత్యధిక భాగం మంటలార్పాక మిగిలే నీళ్ల కోసం వేసిన ఆ ప్లాస్టిక్ పైపులోకే చేరింది. ఒలికింది కొంతే, దాదాపు అంతా ఎత్తిపోశామనుకున్నారు. ట్యాంకు లెక్కలో తేడా మాత్రం కాగితం మీద కనిపిస్తూనే ఉంది. దాన్ని చివరిదాకా ఎవరూ వెంబడించలేదు. ఇంధనం బరువుకు పైపు కిందికి వంగింది. బండి తగలడానికి అది చాలింది.

ఆ కొండలో అమెరికా నౌకాదళం రెండో ప్రపంచయుద్ధ కాలంలో తొలిపించిన ఇంధన ట్యాంకులు ఇరవై ఉన్నాయి. ఒక్కోటీ 250 అడుగుల ఎత్తు, 100 అడుగుల వెడల్పు. మన చార్మినార్‌ను దించితే మినార్ల కొనలు కూడా బయటికి కనిపించవు. ఆ ట్యాంకుల అడుగుకూ, ఓవాహు ప్రజలు తాగే భూగర్భ జలాలకూ మధ్య దాదాపు వంద అడుగుల లావా రాయే అడ్డు. 2014 జనవరిలో, మరమ్మతు చేసి మళ్లీ నింపిన అయిదో నంబరు ట్యాంకు నుంచి సుమారు 27,000 గ్యాలన్లు కారిపోయాయి. ఆ రోజు నుంచీ హొనొలులు నీటి సరఫరా బోర్డు ప్రధాన ఇంజనీరు ఎర్నీ లావ్ హెచ్చరిస్తూనే ఉన్నారు. వినాల్సినవాళ్లు వినలేదు. ఈ కథలో నాకు మింగుడుపడనిది ఇదే.

నవంబరులో ఒలికిన ఇంధనం సొరంగం నేల కింది కాలువల్లోంచి రాతిలోకి ఇంకి, నౌకాదళం నీళ్లు తోడుకునే రెడ్ హిల్ షాఫ్ట్‌ను చేరింది. సుమారు 93,000 మందికి నీళ్లిచ్చే వ్యవస్థ అది. వారం తిరిగేసరికి సైనిక కుటుంబాల ఇళ్లలో కుళాయి విప్పితే కిరోసిన్ వాసన. నీళ్ల మీద రంగురంగుల తెట్టు. పిల్లలకు దద్దుర్లు, వాంతులు, కడుపునొప్పి. నీళ్లు బాగానే ఉన్నాయనీ, తామూ అవే తాగుతున్నామనీ స్థావరం అధికారి మొదట భరోసా ఇచ్చారు. కన్నతల్లులు తమ ముక్కునే నమ్మారు. డిసెంబరు మొదట్లో షాఫ్ట్ నుంచి తీసిన శాంపిల్‌లో డీజిల్ తరహా హైడ్రోకార్బన్లు వందకోట్ల భాగాలకు 1,40,000 భాగాలు తేలాయి. హవాయి ఆరోగ్యశాఖ పెట్టిన హద్దు 400. వేల కుటుంబాలు హోటళ్లకు తరలాయి.

డిసెంబరు 2 సాయంత్రం లావ్ హలావా షాఫ్ట్‌ను మూయించారు. హొనొలులు నగరానికి అయిదో వంతు నీళ్లిచ్చే వనరు అది. అందులో ఇంధనం కనపడినందుకు కాదు, ఆ రెండు షాఫ్ట్‌లూ తోడేది ఒకే జలాశయం నుంచి కాబట్టి. ఇక్కడ పంపులు ఆడితే అక్కడి కలుషితం ఇటువైపు జరిగే ప్రమాదం ఉంది. నీళ్లు పాడయ్యాక మూయడానికి తెలివి అక్కర్లేదు. ముందే మూయడానికి గుండె కావాలి.

ఇలాంటిచోట భూమిలోపలికి చూసే కన్ను పరిశీలన బావి ఒక్కటే. సన్నటి బోరు, అడుగున చిల్లుల పైపు. ముందు కొలతటేపు దించి నీటిమట్టం చూస్తారు. నూనె పొర తేలుతోందేమో ఇంకో పరికరం చెబుతుంది. తర్వాత చిన్న పంపుతో మెల్లగా, అడుగు కలగకుండా తోడతారు. ఉష్ణోగ్రత, పీహెచ్, ఆక్సిజన్ అంకెలు నిలకడకు వచ్చేదాకా ఆగుతారు. ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటే ఇంధనాన్ని సూక్ష్మజీవులు తింటున్నాయేమోనని అనుమానించాలి. గాజుసీసాను గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపాలి. బుడగ ఉంటే, పట్టుకోవాల్సిన ఆవిరి అందులోకి తప్పించుకుంటుంది. ఆపై ఐస్ పెట్టె, చేతులు మారినప్పుడల్లా సంతకం, ల్యాబు. ఇంత శ్రద్ధగా తీసినా ఒక బావి చెప్పేది ఆ చోటు సంగతే. లావా పొరల్లో గుల్లలూ పగుళ్లూ ఉంటాయి, నీళ్లు ఎటు నడుస్తాయో గీత గీసి చెప్పలేం. రెడ్ హిల్ దగ్గర ఆ దిశ మీదే నౌకాదళానికీ నీటి బోర్డుకూ ఏళ్ల తరబడి వాదం నడిచింది.

2022 మార్చి 7న అమెరికా రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ రెడ్ హిల్‌ను శాశ్వతంగా మూసేస్తామని ప్రకటించారు. 2023 అక్టోబరులో ఖాళీ చేయడం మొదలై, పది కోట్ల గ్యాలన్లకు పైగా ఇంధనం ఓడలకెక్కింది. అయినా రాతి రంధ్రాల్లో ఇంకినదాన్ని ఏ ఓడా ఎక్కించుకుపోలేదు. అందుకే ట్యాంకులు ఖాళీ అయ్యేనాటికి కూడా లావ్ హలావా పంపులు తిప్పనివ్వలేదు. నౌకాదళం బావుల అంకెల మీదే ఆధారపడకుండా నీటి బోర్డు కొండకూ నగరానికీ మధ్య సొంతంగా పరిశీలన బావులు తవ్వించడం మొదలుపెట్టింది. ఆ సీసాలు ల్యాబుకు వెళ్లేది నీళ్లు తాగేవాళ్ల తరఫున.