హాథార్న్ ప్రయోగములు

పారిశ్రామిక మనశ్శాస్త్ర చరిత్రలో ప్రధాన ఘట్టముగా పరిగణింపబడు ఈ ప్రయోగములు అమెరికా దేశమున, చికాగో నగరసమీపమందలి సిసిరో పట్టణములో, వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీవారి హాథార్న్ కర్మాగారమందు 1924 మొదలు 1932 వఱకు జరిగెను.

పూర్వరంగము: పనిని చిన్నచిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్క కదలికకు పట్టు కాలమును గడియారముతో కొలిచి, పనికి తగిన కూలి నిర్ణయించినచో ఉత్పత్తి దానంతటదియే హెచ్చునని, 1911లో ఫ్రెడరిక్ టేలర్ ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ సిద్ధాంతము ననుసరించి, పెక్కుమంది యజమానులు నమ్ముచుండిరి.

ప్రయోగక్రమము: తొలుత దీపకాంతికిని ఉత్పత్తికిని గల సంబంధమును పరీక్షింపగా, కాంతి పెంచినచోటనే గాక పెంచనిచోటను పని హెచ్చుటచే పరిశోధకులు విస్మితులైరి. 1927లో ఐదుగురు యువతులను వేఱుగదిలో నుంచి, వారు కూర్చిన టెలిఫోను రిలే ఒక్కొక్కటి గొట్టములోనికి జాఱినంతనే కాగితపు పట్టీపై రంధ్రము పడునట్లు ఏర్పాటు చేసిరి. విశ్రాంతి, ఫలాహారము, పనిగంటల తగ్గింపు క్రమముగా ప్రవేశపెట్టబడగా ఉత్పత్తి పెరిగెను. ఆ సౌకర్యములన్నిటిని తొలగించి, వారమునకు 48 గంటల పాతపద్ధతిని మరల నెలకొల్పినను, అది మునుపటి స్థాయికి దిగజాఱలేదు. 1928లో ఆరంభమైన సంభాషణ కార్యక్రమమున 20,000కు పైగా పనివారు తమ కష్టసుఖములు చెప్పుకొనిరి.

1931-32లో తీగెలు కలుపు శాఖలోని 14 మంది పురుషులను గమనింపగా మఱియొక విషయము బయల్పడెను. అధికముగా పనిచేసినచో కూలి హెచ్చునని యెఱిగియు, వారు దినమునకు ఇంత పనియని తమలో తాము కట్టుబాటు చేసికొని, దానిని మీఱినవానిని భుజముపై గుద్ది హెచ్చరించుచుండిరి. కాగితపు పట్టీ పనిని లెక్కింపగలదే కాని, ఈ గుద్దు దానికందదు; ఈ కట్టుబాటు నెఱుంగని మేనేజరు కూలిరేటును ఎన్నిమార్లు సవరించినను ఫలము స్వల్పము.

వ్యాఖ్యానము, విమర్శ: పనివాడు కూలికి మాత్రమే గాక, తోడివారి మన్ననకును పైవారి ఆదరమునకును లోబడి వర్తించునని హార్వర్డు ఆచార్యుడైన ఎల్టన్ మేయో వ్యాఖ్యానించెను. రిలే గదిలో కూలి లెక్కించు విధము మారుటయు, ఇరువురు యువతులను తొలగించి వేఱిరువురిని నియమించుటయు ఉత్పత్తిని ప్రభావితము చేసియుండునని తరువాతి విమర్శకులు ఆక్షేపించిరి.

భారతదేశమున: పనిపై సమూహప్రభావమునకు మఱియొక నిదర్శనముగా, 1953లో లండను టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ. కే. రైస్, అహమ్మదాబాదులోని కాలికో మిల్లునందు, ఎవరి పని వారిదిగా విడివడియున్న నేతపనివారిని, కొన్ని మగ్గములకు ఉమ్మడి బాధ్యత వహించు చిన్న బృందములుగా పునర్వ్యవస్థీకరింప సూచింపగా, పనివారే ముందుకు వచ్చి తమ బృందములను తామే యేర్పఱచుకొనిరి; మగ్గములు మారకుండగనే ఉత్పత్తి హెచ్చి, బట్టకు కలుగు నష్టము తగ్గెను.