పంతులమ్మ

‘పంతులు’ అన్న మాట సంస్కృత ‘పండిత’ నుంచి వచ్చిందంటారు. ముహూర్తం పెట్టేదీ పంతులే, బడిలో ఎక్కాలు అప్పజెప్పించుకునేదీ పంతులే. దానికి ‘అమ్మ’ చేరితే రెండర్థాలు: పంతులు గారి భార్య, లేదా తానే పాఠం చెప్పే మనిషి. మొదటిది మొగుణ్ని బట్టి వచ్చిన పిలుపు. రెండోది సొంత సంపాదన.

ఆ రెండో అర్థం నిలవాలంటే ముందు ఆడపిల్లలకు బడి ఉండాలి. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో ఒకటి తెరిచారు. సర్కారు చదువు ప్రధానంగా ఉర్దూలో సాగిన నిజాం రాజ్యంలో, 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు.

మాటలో ఉన్న ఈ చిక్కు జపానులో లేదు: గురువును పిలిచే ‘సెన్సెయ్’ అక్కడ ఆడామగా ఇద్దరికీ ఒకటే మాట. అయినా అక్కడ కూడా ఆడవాళ్ల చదువుకు దారి తేలిక కాలేదు. 1871లో ఆరేళ్ల వయసులో చదువుకోసం అమెరికా ఓడ ఎక్కిన త్సుదా ఉమెకో, టోక్యోలో ఆడపిల్లలకు సొంత విద్యాలయం తెరిచేసరికి 1900 వచ్చింది.

ఇప్పుడు హైదరాబాదు శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట బడుల్లో పిల్లలు ‘మేడం’ అంటారు, పెద్దవాళ్లు ‘టీచరమ్మ’ అంటారు. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చదివి నల్లకోటు వేసుకున్న అమ్మాయి ఊరికి ‘లాయరమ్మ’. ఇక్కడ ‘అమ్మ’ చెప్పేది ఉద్యోగాన్నే. ‘సర్పంచమ్మ’ దగ్గర మాత్రం పాత తికమక తీరలేదు. ఎన్నికైంది ఆమే అయినా, పంచాయతీ పని పడితే చాలాచోట్ల జనం వెతికేది ఆమె భర్తను!